కాలువ కట్టేసే లోపు

కృష్ణా తూర్పు డెల్టాలో సంసారం చేసినవాళ్లకు ఏడాది రెండు ముక్కలు. కాలువలో నీళ్లు పారే రోజులు ఒకటి, కాలువ కట్టేసిన రోజులు ఒకటి. విజయవాడ నుంచి బందరు పోయే రోడ్డు మీద, పదహారు కిలోమీటర్ల దూరంలో ఉన్న కంకిపాడుదీ అదే లెక్క. తొలకరికి కాలువలు వదిలితే నారుమళ్లు. పంటలు ఇంటికొచ్చి కాలువలు కట్టేశాక మరమ్మతులు. పొలానికే కాదు, ఇంటికీ అంతే. చెరువు నింపుకోవడం, నుయ్యి తోడించడం, పెంకు సర్దించడం, కొత్త కుండ కొనడం అన్నీ నీళ్లు ఆగిన ఆ రెండు మూడు నెలల చుట్టూ తిరిగేవి. ఇంటిని చల్లగా ఉంచుకోవడం, నీళ్లు కాచుకోవడం, నీళ్లు తెచ్చుకోవడం అనే మూడు పనులు నూట డెబ్భై ఏళ్లలో చాలా మారాయి. వాటితో పాటు ఆ పనులకున్న వేళ కూడా చెదిరిపోయింది. ఈ రెండో మార్పు గురించి ఎవరూ పెద్దగా మాట్లాడుకోరు.

బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట కట్టింది 1852, 1855 మధ్య. ఆలోచన ఆర్థర్ కాటన్‌ది, దగ్గరుండి కట్టించినవాడు చార్లెస్ ఓర్. 1833 నాటి గుంటూరు కరువు మిగిల్చిన భయం ఆ కట్టడం వెనక ఉంది. బందరు కాలువ, రైవస్ కాలువ, వాటి పిల్లకాలువలు ఈ ప్రాంతమంతా అల్లుకున్నాక మాగాణి వచ్చిందని అందరూ రాస్తారు. మంచినీళ్లు కూడా వచ్చాయన్నది అంతే పెద్ద సంగతి. తీరం వైపు వెళ్లేకొద్దీ నేలలో నీళ్లు ఉప్పు. పైకి తియ్యటి నీళ్లు దొరికినా కొంచెం లోతుకు పోతే చవుడు. అందుకే ఊరూరా మంచినీళ్ల చెరువులు తవ్వుకుని, కాలువ నుంచి తూము ద్వారా నింపుకున్నారు. కాలువ కట్టేసే ముందు చెరువు నిండిందా లేదా అన్నదే ఆ వేసవికి ఊరి బతుకు. నేటికీ ఎండాకాలం మధ్యలో తాగునీటి కోసం కొన్నాళ్లు కాలువలకు నీళ్లు వదిలితే పత్రికల్లో అది వార్తే.

సముద్రం ఆ చెరువుల మీద రెండుసార్లు ఘోరంగా విరుచుకుపడింది. 1864 నవంబరు 1 రాత్రి బందరును ముంచిన ఉప్పెనలో సుమారు 30,000 మంది పోయారు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వేలమందిని మింగింది. రెండుసార్లూ బతికి బయటపడ్డవాళ్లకు వెంటనే ఎదురైన కష్టం తాగునీరే. చెరువుల్లో ఉప్పునీళ్లు నిండాయి, నూతుల్లో కళేబరాలు తేలాయి. కంకిపాడు సముద్రానికి యాభై కిలోమీటర్ల పైచిలుకు ఎడంగా ఉండబట్టి ఆ దెబ్బ నేరుగా తగలలేదు.

చెరువు నీళ్లు ఇంటికి రావాలంటే మనిషి మోయాలి. కావిడి వేసే మగవాళ్లకు కూలి దొరికేది. చంకన బిందె, తల మీద బిందె పెట్టుకుని నడిచే ఆడవాళ్లకు అదీ లేదు. తెచ్చిన నీళ్లు ఎర్రగా, మట్టి మట్టిగా ఉండేవి. చిల్లగింజను రాతి మీద అరగదీసి, ఆ గంధాన్ని కాగులో కలిపి వదిలేస్తే మట్టి రేణువులు ఒకదాన్నొకటి పట్టుకుని అడుగుకు దిగేవి. పైన తేరిన నీళ్లను పల్చటి పంచె గుడ్డలో వడగట్టుకునేవారు. తర్వాత పటిక వచ్చింది. నీరు తేటపడేది గానీ, కలరా లాంటి రోగాన్ని తేటదనం ఆపలేదు.

ఆ చెరువు అందరిదీ కాదన్న సంగతి కూడా చెప్పుకోవాలి. ఊరి చెరువు వేరు, వాడ చెరువు వేరు, రేవులు వేరు. 1985 జూలైలో అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో దళితులు తాగే చెరువు నీళ్లను మలినం చేయడాన్ని ప్రశ్నించినందుకు గొడవ మొదలైంది. మర్నాడు అది మాదిగవాడ మీద దాడిగా మారి ఆరుగురి ప్రాణాలు తీసింది. ఇంటింటికీ కుళాయి అన్న మాట వినగానే కొందరికి సౌకర్యం గుర్తొస్తుంది. ఇంకొందరికి ఎవరి ముందూ చెయ్యి చాచకుండా నీళ్లు పట్టుకోవడం గుర్తొస్తుంది. ఈ ప్రాంతపు నీళ్ల చరిత్రలో రెండోదే పెద్ద మార్పు.

ఇక ఇల్లు. కలిగినవాళ్లది మండువా లోగిలి, మధ్యస్థులది పెంకుటిల్లు, లేనివాళ్లది తాటాకు పాక. మూడింటిలోనూ కప్పు ఊపిరి తీసుకునేది. నాటుపెంకుల సందుల్లోంచి వేడిగాలి పైకి పోయేది. మండువా నడిమి ఖాళీ ఇంటి వేడికి పొగగొట్టంలా పనిచేసేది. వానొస్తే నాలుగు చూరుల నీళ్లూ ఆ నడిమి గుంటలోకి దూకి, తూము గుండా వీధి కాలవలోకి పోయేవి. కింద సున్నపు గచ్చు. గోడలు జానల కొద్దీ మందం. పగలంతా పీల్చుకున్న వేడిని ఆ మందపాటి గోడ లోపలికి చేర్చేసరికి సాయంత్రం అయ్యేది. అప్పటికి అందరూ వీధి అరుగు మీదనో, పెరట్లో నులకమంచం మీదనో ఉండేవారు.

అయితే ఆ చల్లదనం ఊరికే రాలేదు. కోతులు తొక్కి, పిల్లులు పరిగెత్తి, గాలికి కదిలి పెంకు ఏటా చెదిరేది. తొలకరికి ముందు పెంకు నేసే మనిషి కప్పెక్కి, పగిలినవి తీసి, జారినవి సర్ది, వాసాలకు పట్టిన చెద దులిపి దిగేవాడు. తాటాకు పాక అయితే రెండు మూడేళ్లకోసారి కొత్తాకు కప్పాల్సిందే. మంగుళూరులో బాసెల్ మిషన్ వాళ్లు 1865లో మొదలుపెట్టిన మర పెంకు తర్వాతి కాలంలో ఇక్కడికీ చేరింది. గాడిలో గాడి పడి కూర్చునే ఆ పెంకుతో ఏటా సర్దే బాధ తగ్గింది. కప్పులో గాలి సందులు కూడా తగ్గాయి. బాగుచేయించే పని తగ్గిన ప్రతిచోటా చల్లదనం కూడా కొంత తగ్గడం ఈ కథలో మళ్లీ మళ్లీ కనిపిస్తుంది.

డెల్టా వేసవిలో గాలి రెండు రకాలు. మధ్యాహ్నం పడమటి నుంచి వీచే వడగాలి పొడిగా ఉంటుంది, ముఖం మాడుస్తుంది. పొద్దు వాలాక సముద్రం వైపు నుంచి వచ్చే తూర్పు గాలి తడిగా ఉంటుంది. అది ఆగిందంటే ఉక్కపోత. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్నది మొదటి గాలిని చూసి అన్న మాట. ఆ గాలికి విరుగుడు నీళ్లే. పడమటి కిటికీకి వట్టివేళ్ల తడిక కట్టి, చెంబుతో నీళ్లు చిలకరిస్తే, దాని గుండా వచ్చే గాలి చల్లబడి, కమ్మటి వాసనతో గదిలోకి వచ్చేది. నీరు ఆవిరి కావాలంటే వేడి కావాలి. ఆ వేడిని అది గాలిలోంచే లాక్కుంటుంది. మట్టి కుండ చేసేదీ అదే పని. ఇసుక పోసి, ఆ ఇసుక తడిపి, దాని మీద కుండ పెట్టి, చుట్టూ తడిగుడ్డ చుడితే, కుండ ఒంటికి పట్టిన చెమ్మ ఆరుతున్నంతసేపూ లోపలి నీళ్లు చల్లబడతాయి. ఏడాది వాడిన కుండకు సన్నని రంధ్రాలు పాచితోనూ ఉప్పుతోనూ పూడుకుపోతాయి. ఉగాదికి కొత్త కుండ కొనడంలో ఆచారమూ ఉంది, ఈ లెక్కా ఉంది. అదే నీటిని బాటసారికి ఊరికే పోసే చలివేంద్రాలు బందరు దారి పొడుగునా వేసవిలో ఇప్పటికీ లేస్తాయి. కంకిపాడు మండలంలో చలివేంద్రపాలెం అనే ఊరే ఉంది.

బందరులో 1611లో కోఠీ పెట్టిన ఇంగ్లీషువాళ్లకూ, వాళ్లకు ముందే దిగిన డచ్చివాళ్లకూ ఈ ఎండ శిక్షగానే తోచింది. తర్వాతి రోజుల్లో దొరల బంగళాల్లో కప్పుకు వేలాడే గుడ్డ పంకాలు, వాటి తాడు గుంజడానికి జీతగాళ్లు ఉండేవారు. చల్లదనం ఒకరిది, చెమట ఇంకొకరిది. అమెరికాలో గడ్డకట్టిన చెరువుల నుంచి కోసిన మంచు 1833లో ఓడెక్కి కలకత్తా చేరింది. అలా వచ్చే మంచును దాచడానికి 1842లో మద్రాసు సముద్రపు ఒడ్డున ఐస్‌హౌస్ కట్టారు.

నీళ్లు కాచుకోవడం డెల్టాలో చలి కోసం కాదు. బాలింతకు, పసిబిడ్డకు, ముసలివాళ్లకు, కోతల నుంచి ఒళ్లు నొప్పులతో వచ్చినవాడికి, పండగ తలంటుకు వేన్నీళ్లు కావాలి. ఇక్కడ అడవి లేదు, కట్టెలు ఖరీదు. ఉన్నది ఊక. రైసు మిల్లుల దగ్గర గుట్టలుగా పడి ఉండే ఊకను ఇళ్లకు తెచ్చి, ఒక ప్రత్యేకమైన పొయ్యిలో వాడేవారు. పాత డబ్బాకు అడుగున పక్కగా కన్నం పెట్టి, మధ్యలో సీసా నిలబెట్టి, చుట్టూ ఊక పోసి గట్టిగా దట్టించాలి. తర్వాత సీసాను మెల్లగా తిప్పుతూ పైకి లాగితే నడుమ గొట్టం మిగులుతుంది. కింది కన్నంలో నిప్పు పెడితే ఆ గొట్టం గోడ వెంట మంట మెల్లగా పాకుతూ గంటలకొద్దీ మండుతుంది. దాని మీద కాగు పెట్టి వదిలేస్తే ఇంటిల్లిపాదికీ వేన్నీళ్లు. సీసా లాగేటప్పుడు చెయ్యి వణికితే గొట్టం కూలిపోతుంది, పని మళ్లీ మొదటికి వస్తుంది. ఈ నేర్పు ఆడవాళ్లది. పొగ కూడా వాళ్లదే.

కలిగిన ఇళ్లలో రాగి బాయిలర్ ఉండేది. నిలువు డొక్కు, నడుమ పొగగొట్టం, చుట్టూ నీళ్లు, అడుగున నిప్పుల గూడు, పక్కన ఇత్తడి కుళాయి. కొబ్బరి చిప్పలో, కంది కట్టో వేస్తే చాలు. దాన్ని చింతపండుతో తోమడం వారం వారం పని. అతుకు ఊడితే మాటు వేయించాలి. వంట ఇత్తళ్లకు కళాయి పూయించడం ఇంకో పని. కళాయి పోసేవాళ్లు వీధి మలుపులో చిన్న గుంట తీసి, తిత్తితో బొగ్గులు రాజేసి, గిన్నెను బాగా కాచేవారు. నవాసారం చల్లి దూదితో రుద్దితే తెల్లటి పొగ లేచి లోపలి మకిలి అంతా వదిలేది. వెంటనే తగరం ముక్క తాకిస్తే అది కరిగి, దూది వెంట వెండిలా పరుచుకునేది. అప్పుడు గిన్నెను నీళ్లలో ముంచేవారు. స్టీలు గిన్నెలు వచ్చాక ఆ మనుషులు వీధుల్లోకి రావడం మానేశారు.

ఇళ్లలో నీళ్ల పనులు ఇలా సాగుతుండగా, దేశపు నీళ్ల లెక్క చూసిన మనిషి ఒకరు ఇక్కడి నుంచే వచ్చారు. కంకిపాడులోనే 1902లో కానూరి లక్ష్మణరావు పుట్టారు. దేశానికి డాక్టర్ కె.ఎల్.రావుగా తెలిసిన ఈ ఇంజనీరు నాగార్జునసాగర్ నిర్మాణానికి బుద్ధీ, బలమూ ఇచ్చారు. విజయవాడ నుంచి మూడుసార్లు లోక్‌సభకు గెలిచి, కేంద్రంలో నీటిపారుదల, విద్యుత్ శాఖ చూశారు. విజయవాడ నగరానికి కృష్ణ నీళ్లు శుద్ధి చేసి పంపే కేంద్రానికి ఆయన పేరే పెట్టారు. పులిచింతల జలాశయానికీ ఆయన పేరే. ఇటు ఈ కాలువలకు నీళ్లిచ్చే పాత ఆనకట్టకు 1952లో గండి పడ్డాక, దాని ఎగువన కట్టిన ప్రకాశం బ్యారేజీ 1957లో పనిలోకి వచ్చింది. కాలువకు నీళ్లెప్పుడొస్తాయన్న పల్లెటూరి ఆరాటం తెలిసిన ఊళ్లో పుట్టిన మనిషి, గంగను కావేరితో కలపాలని దేశం ముందు ప్రతిపాదన పెట్టడం వింత కాదు.

1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్తు, 1979లో ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం తొలి యూనిట్ వచ్చాక కరెంటు ఊళ్లోకి, ఆ తర్వాత ఇంట్లోకి నిలకడగా చేరింది. దానితో సీలింగ్ ఫ్యాను, తర్వాత నీళ్ల మోటారు, ఆ పైన హీటరు కడ్డీ. కరెంటు వచ్చిన ఇంట్లో ఒక కొత్త పని చేరింది: ఎర్తు గుంట. ఉప్పు, బొగ్గు పోసి రాగి పలక పాతిన ఆ గుంటలో ఎండాకాలం బిందెడు నీళ్లు పోయాలి, లేదంటే నేల ఎండి ఎర్తు పనిచేయదు. ఈ సంగతి మరిచిపోయిన ఇళ్లలో బకెట్లో కడ్డీ ఉండగానే నీళ్లు ముట్టుకుని ప్రాణాలు పోగొట్టుకున్నవారున్నారు.

నీళ్ల సంగతికి వస్తే, చెరువుకూ కుళాయికీ మధ్య ఒక తరాన్ని చేతిపంపు ఏలింది. జనం బోరింగు అన్నారు. పెరట్లో పాత బోరింగు నీళ్లు దిగిపోతే చెంబుడు నీళ్లు పైన పోసి కొట్టాలి. అప్పుడు తోలు వాషరు ఉబ్బి గొట్టానికి పట్టుకుంటుంది. ఆ వాషరు అరిగితే మార్చడం చాలా ఇళ్లలో పిల్లలకూ తెలిసిన పని. ప్లంబింగులో ఇళ్లవాళ్లు స్వయంగా చేసుకున్న చివరి మరమ్మతు అదేనేమో. 1970ల చివర ఇండియా మార్క్-2 పంపు వీధుల్లోకి వచ్చింది. అది గట్టిదే. కానీ పాడైతే మెకానిక్ రావాల్సిందే.

డాబాలు లేచాక ఇంటి మీద ట్యాంకు, ట్యాంకు నుంచి పైపులు, వాటితో ప్లంబరు అనే వృత్తి వచ్చాయి. మొదట్లో జీఐ పైపులు. మరలు కోసి, వాటికి సఫేదా రాసి జనపనార చుట్టి బిగించేవారు. పైపు రెంచి మీద పడే బలాన్ని బట్టి పనివాడి చెయ్యి తెలిసేది. లోపల తుప్పు పట్టి నీళ్లు సన్నగిల్లిపోయేవి. తర్వాత పీవీసీ, వేన్నీళ్లకు సీపీవీసీ వచ్చి, మరల స్థానంలో జిగురు నిలిచింది. పని తేలికైంది, తొందర కూడా పెరిగింది. జిగురు ఆరకముందే నీళ్లు వదిలిన అతుకు గోడ లోపల కారుతుంటే, సున్నం ఉబ్బి రాలేదాకా ఎవరికీ తెలియదు. సిమెంటు ట్యాంకుల చోట నల్లటి ప్లాస్టిక్ ట్యాంకులు వచ్చాయి. అవి డాబా మీద, కంటికి దూరంగా ఉంటాయి. చెరువులో పాచి పడితే ఊరంతా చూసేది. ట్యాంకులో పాచి పడితే ఇంటివాళ్లు కూడా చూడరు.

కూలరు కథ చాలామందికి తెలిసిందే, దాని శాస్త్రం మాత్రం వట్టివేళ్ల తడికదే. గాలి 42 డిగ్రీల వేడితో, 25 శాతం తేమతో ఉంటే నీటి ఆవిరితో దాన్ని దాదాపు 26 దాకా దించొచ్చు. అదే తూర్పు గాలి తిరిగి, 36 డిగ్రీల వేడి, 65 శాతం తేమ అయితే 30 దాటి కిందికి దిగదు. గది తడిసి ముద్దవుతుంది తప్ప చల్లబడదు. అందుకే ఇక్కడ మధ్యాహ్నం బతికించిన కూలరు రాత్రి ఉక్కబెడుతుంది. ఆ రాత్రి ఉక్క వల్లే ఈ ఊళ్లలో ఏసీ ఇంత తొందరగా ఇల్లిల్లూ చేరింది. స్లాబు కూడా అందుకు తోడైంది. పెంకు పీల్చి వదిలేసే వేడిని నాలుగైదు అంగుళాల కాంక్రీటు రాత్రంతా పడగ్గదిలోకి దించుతుంది. పాత ఇల్లు వేడిని బయటికి పంపడానికి కట్టింది. కొత్త ఇంట్లో ఆ పనికి యంత్రం కావాలి.

యంత్రం కొనలేనివాళ్ల సంగతి ఏమిటి? 2003 వేసవిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వడదెబ్బకు 3,000 మందికి పైగా చనిపోయారని ప్రభుత్వ లెక్క. 2015లో విడిపోయిన రాష్ట్రంలోనే 1,300 దాటారు. వడదెబ్బ ఎక్కువగా తగిలేది ఎండలో కూలి చేసేవాళ్లకు, వయసు మళ్లినవాళ్లకు, రేకుల ఇళ్లలో ఉండేవాళ్లకు. రేకుల షెడ్డు కంటే తాటాకు పాక చల్లన. నిప్పు భయంతో పాకలు పోయాయి, పోవడం మంచిదే. వాటి చోట ఎండను ఆపే కప్పు గురించి మాత్రం ఎవరూ ఆలోచించలేదు. పేదల ఇళ్ల కప్పు మీద తెల్లసున్నం వేయించినా కొన్ని డిగ్రీలు తగ్గుతుంది.

2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతాన్ని ముంచినప్పుడు, ప్రకాశం బ్యారేజీ మీదుగా 11 లక్షల క్యూసెక్కుల పైచిలుకు నీరు పోయింది. వరద తగ్గాక అగ్నిమాపక యంత్రాలు వీధి వీధికీ వెళ్లి ఇళ్లలో బురద కడిగాయి. ఆ తర్వాత నగరానికి అందరికంటే ఎక్కువ అవసరమైనవాళ్లు ప్లంబర్లు, ఎలక్ట్రీషియన్లు, ఫ్రిజ్ మెకానిక్‌లు. ఊళ్లో ఉన్నవాళ్లు చాలక బయటి నుంచి కూడా పిలిపించారు. మామూలు రోజుల్లో ఎవరూ పేరు అడగని పనివాళ్ల కోసం ఇళ్ల ముందు కుటుంబాలు కాచుకుని కూర్చున్నాయి. ఐటీఐలో ఫ్రిజ్, ఏసీ మెకానిక్ కోర్సు రెండేళ్లు, ప్లంబరు కోర్సు ఏడాది. ఆ చదువు లేకుండా చేతి అనుభవంతోనే నెట్టుకొస్తున్నవాళ్లు ఎందరో. వాళ్లకు శిక్షణ, భద్రత, బీమా కల్పించడం పురపాలక పనే, పంచాయతీ పనే.

ఇళ్లవాళ్ల వంతు పనికి పాత తరం పెట్టుకున్న వేళే ఇప్పటికీ సరైనది. కాలువ కట్టేస్తారన్న వార్త రాగానే, ఫాల్గుణంలోనే ట్యాంకు ఖాళీ చేసి రుద్దించండి. కడిగాక 1,000 లీటర్ల నీటికి రెండున్నర గ్రాముల బ్లీచింగ్ పౌడరు కలిపి గంట ఆగి వాడండి. గీజరు లోపలి కడ్డీకి సున్నం పేరుకుందేమో చూపించండి. ఎర్తు గుంటలో నీళ్లు పోయండి. ఏసీ వడపోత జాలీని రెండు వారాలకోసారి మీరే కడుక్కోండి. గ్యాసు ఏటా అరిగిపోయే సరుకు కాదు. తగ్గిందంటే ఎక్కడో కారుతోందన్నమాట. కాబట్టి నింపించే ముందు లీకు వెతికించండి. రోహిణి కార్తె దాకా ఆగి ఫోన్ చేస్తే మెకానిక్ దొరకడు, దొరికినా తొందరలో చేస్తాడు. ఆ ఎండలో మీ డాబా ఎక్కే కుర్రాడికి ముందు గ్లాసుడు మజ్జిగ ఇవ్వండి. కూలి బేరమాడకుండా ఇవ్వండి.